యూరప్ అమ్మాయిల రగ్బీ సెవెన్స్ చూసేవాళ్లకి

ఫ్రెండ్స్, నిన్న పెట్టిన క్లిప్ చూసి "ఇదేం ఆట, మొదలవగానే అయిపోయింది" అన్నారు కదా, అందుకే ఈ మెసేజ్. రగ్బీ సెవెన్స్‌లో జట్టుకి ఏడుగురే, సగానికి ఏడు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. గ్రౌండ్ మాత్రం జట్టుకి పదిహేను మంది ఆడే మామూలు రగ్బీకి ఉన్నంత పెద్దదే! అందుకే ఒక్క ట్యాకిల్ (బంతితో పరిగెత్తే అమ్మాయిని పట్టుకుని పడేయడం) మిస్సయితే ఇక ఆ అమ్మాయిని పట్టుకోవడం చాలా కష్టం. ఇంకో తమాషా, ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనించడం) కొట్టిన జట్టే మళ్లీ కిక్ కొట్టి ఆట మొదలుపెట్టాలి, అంటే బంతి అవతలి వాళ్లకి దొరికే అవకాశం ఎక్కువ.

యూరప్‌లో దీన్ని రగ్బీ యూరప్ అనే సంస్థ నడుపుతుంది. ఛాంపియన్‌షిప్, ట్రోఫీ, కాన్ఫరెన్స్ అని మెట్లుంటాయి, కింద గెలిస్తే పైకి, పైన అడుగున మిగిలితే కిందికి. నాకు నచ్చేది పోలండ్ కథ. రగ్బీ అంటే ఫ్రాన్స్, ఇంగ్లండ్ అనుకుంటాం, 2022లో మాత్రం యూరప్ టైటిల్ పోలండ్ అమ్మాయిలే ఎత్తుకెళ్లారు. మరుసటి ఏడాది పోలండ్‌లోనే, క్రాకోలో జరిగిన యూరోపియన్ గేమ్స్‌లో సొంత జనం ముందు ఫైనల్ దాకా వచ్చి గ్రేట్ బ్రిటన్ చేతిలో ఓడారు, పారిస్ ఒలింపిక్ బెర్త్ బ్రిటన్‌కి పోయింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ కలిసి ఒకటే జట్టుగా రావడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది, మీరేమంటారో చెప్పండి.

ఫ్రాన్స్‌ని తక్కువ చేయట్లేదు, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం వాళ్లదే, ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓడారు. లైవ్ లింక్ దొరికితే ఇక్కడే పెడతా, స్కోర్లు మాత్రం ముందే చెప్పేయకండి ప్లీజ్.