పైకి తెచ్చిన చెత్త మళ్లీ నీళ్లలోకే పోతోంది

సంపాదకుడు గారికి నమస్కారం.

పాత క్వారీ గుంతల్లో నీళ్ల అడుగున చెత్త తీసే స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని దిగే) వాలంటీర్ల ఫొటోలు ఈమధ్య బాగానే వస్తున్నాయి, చాలా సంతోషం. కానీ ఫొటో తీశాక ఆ చెత్త ఏమైందో ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే ఈ లెటర్. నేనూ ఆ డైవర్లలో ఒకడినే.

రాయి తవ్వడం ఆపేసి పంపులు కట్టేశాక ఊట నీళ్లు, వాన నీళ్లు చేరి క్వారీ నిండుతుంది. నదికైతే ప్రవాహం ఉంటుంది, చాలా క్వారీలకి మాత్రం నీళ్లు బయటికి పోయే దారే ఉండదు. గట్టు మీంచి ఎవరో విసిరిన గాజు సీసా రాతిగోడ వెంట జారి అడుగుకి చేరితే ఇక అక్కడే, ఎవరో ఒకరు దిగి తీస్తే తప్ప. ప్లాస్టిక్ అయితే ముక్కలు ముక్కలై ఆ నీళ్లలోనే మిగిలిపోతుంది. పైనుంచి చూస్తే నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు జనం.

ఇదేదో సరదా ఈత అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల కోసం చెప్తున్నా. పైన ఎండ మండిపోతున్నా సరే కొంచెం లోతుకి పోగానే నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. అడుగంతా మెత్తటి బురద, కాలికి తొడిగిన ఫిన్ గట్టిగా ఒక్కసారి ఆడిస్తే చాలు లేచిపోయి పక్కనున్న బడ్డీ (జోడీగా దిగిన డైవర్) చెయ్యి కూడా కనపడదు. ఆ మసకలో అన్నిటికంటే భయపెట్టేది గాలం దారం, మునిగిపోయిన కొమ్మల మధ్య అల్లుకుని ఉంటుంది, సిలిండర్ వాల్వ్‌కి చుట్టుకుందంటే మన చేతికి అందదు, అందుకే అందరి దగ్గరా దారం కోసే కట్టర్ ఉంటుంది, ఒంటరిగా ఎవరూ దిగరు. టైర్ల లాంటి బరువులు పైకి తేవడానికి వాటికి లిఫ్ట్ బ్యాగ్ అనే సంచి కట్టి గాలి నింపుతాం, 10 మీటర్ల లోతులో నింపిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, లెక్క తప్పితే బరువుతో సహా దూసుకుపోయి మధ్యలో జారి కిందున్నవాళ్ల మీద పడొచ్చు. లోపల ఏముందో తెలియని డ్రమ్ములు కనిపిస్తే అసలు ముట్టుకోం.

ఒక్కో సీసాలో చిన్న చేప దూరి ఉంటుంది. సంచిలో వేసేముందు సీసా వంచి మెల్లగా ఊపితే బయటికొచ్చి, కాసేపు మాస్క్ ముందే తచ్చాడి వెళ్లిపోతుంది. తొందరపడి అలాగే పైకి తెస్తే అది చచ్చిపోతుంది కదా.

ఇంత చేసి గట్టు మీద కుప్ప పోసి, రకం వారీగా లెక్క రాస్తాం. నీళ్ల అడుగు చెత్త తీసి లెక్క రాసే డైవ్ అగైనెస్ట్ డెబ్రీ అనే కార్యక్రమం 2011 నుంచి నడుస్తోంది, అందులో ప్రపంచమంతా డైవర్లు ఇలాగే నమోదు చేస్తున్నారు. అక్కడితో మా పని అయిపోవాలి. కానీ చెత్త తీసుకెళ్లే బండి రాదు! ముందే అర్జీ ఇచ్చినా ఇది ప్రైవేటు స్థలం మా పరిధి కాదని ఒకరు, స్థలం ఓనర్ని అడగండని ఇంకొకరు. బురద కారే టైర్లు సొంత కార్లలో ఎన్నని మోస్తాం? కొన్నాళ్లకి సంచులు చిరిగిపోతాయి, గట్టి వాన పడిందంటే సగం మళ్లీ గుంతలోకే. చూస్తే కడుపు మండిపోతుంది.

ఇంకో సంగతి, ఏ మూల ఏం దొరికిందో చూస్తే ఎవరు వేస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఈతకి దూకే చోట సీసాలు, కప్పులు. చేపలు పట్టే చోట దారాలు, సీసం గుండ్లు, ఆ గుండ్లు మింగితే నీటి పక్షులకి విషమే. టైర్లు, పాత ఫ్రిజ్‌లు మాత్రం బండి వెనక్కి తిప్పి అంచుదాకా తేగలిగిన చోటే ఉంటాయి, అంటే అక్కడ నాలుగు పెద్ద బండరాళ్లు అడ్డంగా పెట్టినా చాలావరకు ఆగుతుంది, క్వారీలో రాళ్లకేం కరువు లేదు. చేపలు పట్టే చోట తెగిన దారాలు వేయడానికి మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టాలి, దాన్ని ఎవరు ఖాళీ చేస్తారో కూడా ముందే తేల్చాలి.

క్లీనప్‌కి అనుమతి ఇచ్చే కాగితంలోనే చెత్త ఎవరు తీసుకెళ్తారు, బండి ఏ రోజు ఎన్నింటికి వస్తుంది అన్నది రాసివ్వాలని అధికారుల్ని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాం. ఈసారి పెట్టబోయే అర్జీలో ఇదే రాస్తున్నాం, జవాబు వచ్చాకే డైవ్ తేదీ పెట్టుకుంటాం.

ఇట్లు
ఒక వాలంటీర్ డైవర్