మెరిసే డైల గురించి సగమే రాస్తున్నరు

ఎడిటర్ గారికి నమస్తే,

నేను నల్లగొండల డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తా. మన పేపర్ సైన్స్ పేజీ వదలకుండ చదువుతా గానీ ఫ్లోరోసెంట్ డైల (వెలుతురు పడితే తిరిగి మెరిసే రంగు పదార్థాల) గురించి వచ్చినప్పుడల్లా నీళ్లల్ల ఎట్ల మెరుస్తయో అదే రాస్తున్నరు, జీవకణం లోపల ఉత్త నీళ్లే ఉండయి కదండీ, ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ అన్నీ కలిసి లీటరుకు 200, 300 గ్రాములదాక కిక్కిరిసి ఉంటయి, చెరువుగట్టు జాతరల చెయ్యి తిప్పే జాగ దొరకదు చూడండి, డై అణువుకు గూడ అదే పరిస్థితి. మాలిక్యులర్ రోటర్లు అనే డైలైతే జాగ ఉంటే మెలి తిరిగి తీసుకున్న శక్తిని వేడిగ పోగొట్టుకుంటయి, ఇరుకైతే తిరగలేక ఇంకా ఎక్కువ మెరుస్తయి. ఫ్లోరెసీన్ అనే డై మాత్రం తన అణువులే మరీ దగ్గరికొస్తే డల్ అయితది. 2001ల హాంకాంగ్‌ల బెన్ జాంగ్ టాంగ్ టీమ్ అణువులు గుంపు గూడితేనే మెరిసే పదార్థాన్ని చూపెట్టింది, ఎంత గొప్ప సంగతి అది!

మా పిల్లలేమో వెలుగు ఎక్కువుంటే డై ఎక్కువున్నట్టే అని రాస్తరు, ఇరుకుతోటి గూడ వెలుగు మారుతదని మర్చిపోతరు, మస్తు బాధైతది నాకు. ఒక్క ఆదివారం ఈ ఇరుకు సంగతి మీద ఫుల్ పేజీ వెయ్యండి సార్, బొమ్మలతోటి.

- ఒక కెమిస్ట్రీ లెక్చరర్, నల్లగొండ