షుగరు పుండుకూ క్యాన్సర్‌కూ ఒకటే పొడా?

సంపాదకుడు గారికి,

మన కడప జిల్లా సంతల్లోనూ, ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ పసుపు, మిరియాల పొడి పొట్లాలకు రెండు గుణాలు చెప్పి అమ్ముతున్నారు. షుగరు పుండు దగ్గర కొత్త రక్తనాళాలు మొలిపిస్తుందట, క్యాన్సర్ గడ్డకు రక్తం అందకుండా చేస్తుందట. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత నాళాలు కావాలి. 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ఈ సంగతి చెప్పాక నాళాలను అడ్డుకునే మందుల వెతుకులాట ఊపందుకుంది. పుండు మానడానికీ ఆ నాళాలే మొలవాలి. అవే షుగరు రోగి కంట్లో మొలిస్తే చిట్లి, నెత్తురు కారి చూపు పోతుంది. మింగిన పొడి కాలి దగ్గరికి మాత్రమే పోయి ఆగదు కదా.

మొక్కల్లో ఆ శక్తి లేదని మేమనడం లేదు. సరస్వతి ఆకులోని ఆసియాటికోసైడ్ ఎలుకల పుండ్లలో నాళాలను పెంచింది. పసుపులోని కుర్కుమిన్ ప్రయోగశాలలో వాటిని అడ్డుకుంది. ఇందుకో పరీక్ష ఉంది: పొదుగుతున్న కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పొర మీద మందులో తడిపిన కాగితపు బిళ్ళ పెడతారు. రెండు మూడు రోజులకు బిళ్ళ చుట్టూ ఎర్రటి దారప్పోగుల్లాంటి నాళాలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. అక్కడ మందు నేరుగా నాళాన్ని తాకుతుంది. మన కడుపులో అలా జరగదు. పసుపులో కుర్కుమిన్ సుమారు నూటికి మూడు వంతులు. మూడు గ్రాముల చెంచాడు పొడిలో 90 మిల్లీగ్రాములు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 1998లో ప్రచురించిన పరీక్షలో ఏకంగా 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చినా రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు. మిరియాల ఘాటుకు మూలమైన పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే ఇరవై రెట్లు పెరిగింది. అమ్మేవాళ్ళు ఈ ఒక్క ముక్కే పట్టుకున్నారు. పైపెరిన్ ఇతర మందులను కాలేయం విరిచే పనిని కూడా మందగింపజేస్తుంది. మూర్ఛకు ఫెనిటాయిన్, బీపీకి ప్రొప్రనొలాల్ వాడేవారి ఒంట్లో ఆ మందు మోతాదు మించుతుంది. పప్పులో వేసే పసుపుతో ఈ భయం లేదు.

నాళాలను నిజంగా అడ్డుకునే క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్‌ను ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందే ఆపుతారు, లేకుంటే కోత మానదు. గట్టిగా పనిచేసే మందుకు అంత జాగ్రత్త కావాలి.

అసలు నష్టం కాలయాపన. వేలు నల్లబడేదాకా పొడి అద్దుకుంటూ ఉంటే కాలు దక్కదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వచ్చిందంటే కాలికి రక్తం చాలడం లేదు. షుగరు రోగుల్లో నాళాల గోడలు గట్టిపడి ఈ లెక్క ఒక్కోసారి తప్పుగా ఎక్కువ చూపుతుంది. 1.4 దాటితే నమ్మకుండా కాలి బొటనవేలి దగ్గర మళ్ళీ కొలవాలి.

షుగరు, క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు. ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ అది వర్తిస్తుంది. కాబట్టి పత్రికలు ఇలాంటి ప్రకటనలు తీసుకోకూడదు. ఔషధ తనిఖీ అధికారులు సంత రోజుల్లో వచ్చి చూడాలి. కాలి రక్తప్రవాహం కొలిచే, చేత్తో పట్టుకునే డాప్లర్ పరికరాన్ని ప్రతి కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రంలో ఒకటైనా ఉంచాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాం.

— ఔషధశాస్త్ర అధ్యాపకులం, కడప