జాబితా చేతికొస్తే పదార్థం దొరికినట్టు కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఫోన్ తెరలో కంటికి కనబడని ఒక పొర ఉంటుంది. వెలుగును పోనిస్తూనే కరెంటును మోస్తుంది. ఎక్కువగా వాడేది ఇండియం టిన్ ఆక్సైడ్. తూకంలో నూటికి సుమారు 90 పాళ్లు ఇండియం ఆక్సైడే. ఇండియం జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగా వస్తుంది. ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా చైనాది, 2025 ఫిబ్రవరి నుంచి అక్కడి నుంచి ఎగుమతి చేయాలంటే అనుమతి కావాలి. కాబట్టి ప్రత్యామ్నాయాన్ని కంప్యూటర్‌తో వెతకడం అవసరమే. అయితే ఆ పనికి ప్రజాధనం ఇచ్చేవారు, లెక్క ఎంతవరకు కడతారో ముందే అడగాలి.

మామూలుగా జరిగేది ఇది. డేటాబేస్‌లోని వేల సమ్మేళనాల్లో స్థిరంగా ఉండేవి, బ్యాండ్ గ్యాప్ (కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదిలే స్థాయికి చేరడానికి కావలసిన కనీస శక్తి; ఇది ఎక్కువైతే కంటికి కనిపించే వెలుగు పీల్చబడకుండా దాటిపోతుంది) 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి, ఎలక్ట్రాన్లు తేలిగ్గా కదిలేవి ఏరతారు. మొదటి పొరపాటు ఇక్కడే. చౌకగా అయ్యే లెక్క గ్యాప్‌ను బాగా తగ్గించి చూపుతుంది. జింక్ ఆక్సైడ్‌కు ప్రయోగంలో వచ్చేది 3.3, ఆ లెక్కలో వచ్చేది 1 కన్నా తక్కువ. హైబ్రిడ్ అనే మెరుగైన, ఖరీదైన లెక్క పద్ధతి వాడినా ఇండియం ఆక్సైడ్ అసలు గ్యాప్ 3 లోపే తేలుతుంది. ఆ గ్యాప్‌కు రెండు అంచుల మధ్య ఎలక్ట్రాన్ దూకడాన్ని స్ఫటిక సౌష్ఠవం అడ్డుకుంటుంది గనుక, వెలుగును గట్టిగా పీల్చుకోవడం 3.7 దగ్గరే మొదలవుతుంది. అందుకే అది పారదర్శకం. అంటే 3.1 జల్లెడ మనం ఇప్పుడు వాడుతున్న పదార్థాన్నే పారేస్తుంది! ఇండియం, టిన్, జింక్ ఆక్సైడ్‌లు మూడూ నిలవని జల్లెడతో కొత్తవాటిని ఏరకూడదు.

అంతకన్నా కష్టం డోపింగ్, అంటే కరెంటు మోసేలా పదార్థంలో వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం. ధనావేశ రంధ్రాలతో (ఎలక్ట్రాన్ లేని ఖాళీలతో) కరెంటు మోసే పారదర్శక ఆక్సైడ్ కోసం 1997లో కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ వచ్చినప్పటి నుంచీ ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి. కంప్యూటర్ జల్లెడలో దొరికిన బేరియం బిస్మత్ టాంటలేట్‌ను 2016లో తయారుచేసి చూశారు. రంధ్రాలు చురుగ్గానే కదిలాయి, కానీ వాటి సంఖ్య మరీ తక్కువ. జింక్ ఆక్సైడ్‌లో నైట్రోజన్ కలిపితే పని జరుగుతుందని ఏళ్ల తరబడి ఆశపడ్డారు. నైట్రోజన్ స్థాయి వేలెన్స్ బ్యాండ్‌కు (రంధ్రాలు కదిలే శక్తి స్థాయిలకు) 1.3 ఎలక్ట్రాన్ వోల్టులు పైన ఉందని 2009లో లెక్క తేల్చింది. గది ఉష్ణోగ్రతలో దొరికే శక్తి 0.025 మాత్రమే, రంధ్రం విడుదలయ్యే దారే లేదు.

ఇది ముందే తెలియాలంటే లోపాల లెక్క కట్టాలి. వంద పరమాణువులకు పైబడిన సూపర్‌సెల్‌లో (లెక్క కోసం తీసుకునే పెద్ద స్ఫటిక ముక్కలో) ప్రతి ఖాళీని, ప్రతి కల్తీ పరమాణువును, ప్రతి ఆవేశ స్థితిలో విడివిడిగా లెక్కించాలి. ఆక్సిజన్ ఎక్కువ ఉన్నప్పుడూ తక్కువ ఉన్నప్పుడూ చూడాలి. ఒక్క సమ్మేళనానికే పదుల లెక్కలు. ఖర్చు ఎక్కువని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జాబితా అచ్చవుతుంది, పొర మాత్రం తయారు కాదు.

ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా వంటి సూపర్‌కంప్యూటర్ల సమయం, నిధులు ఇచ్చేటప్పుడు మూడు షరతులు పెట్టండి. చివరి పది సమ్మేళనాలకైనా లోపాల లెక్క ఉండాలి. గాజు మీద స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి పదార్థాన్ని పలుచని పొరగా పేర్చే పద్ధతితో) పొర వేసి, షీట్ నిరోధం (పొర చదరానికి విద్యుత్ నిరోధం), హాల్ కొలత (కరెంటు మోసేవాటి సంఖ్య, కదలిక), 400–700 నానోమీటర్ల మధ్య కాంతి ప్రసారం కొలిచే బృందం ప్రతిపాదనలోనే చేరాలి. చదరానికి 10 ఓమ్‌లు, 85 శాతం కాంతి: పోటీ పడాల్సింది వీటితోనే. విఫలమైన సమ్మేళనాల ఇన్‌పుట్ ఫైళ్లు, ఫలితాలు అందరికీ అందుబాటులో పెట్టాలి. లేకుంటే అదే సమ్మేళనం మీద మరో ప్రయోగశాల మళ్లీ మూడేళ్లు పోగొట్టుకుంటుంది.

– పదార్థ విజ్ఞాన పరిశోధకులు, హైదరాబాద్