రెండున్నర లక్షల లోపే అసలు కథంతా

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకంలోకి బీమా కంపెనీని తేవడం మీద పార్టీల వాదులాట రోజూ చదువుతున్నాను. ప్రైవేటు కంపెనీలకు దోచిపెడుతున్నారని ఒకరు, మీరు వదిలిపోయిన బకాయిలు మోస్తున్నది మేమని మరొకరు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, బోర్డులూ ఫ్లెక్సీల ఖర్చు అదనం. చిత్తూరులో మందుల షాపు నడుపుతున్న నాకు, ఇరుపక్షాలూ దాటేస్తున్న సంగతి ఒకటి కనిపించింది.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం 1.63 కోట్ల కుటుంబాలకు ఏడాదికి 25 లక్షల వరకు వైద్యం అందాలి. అందులో మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీ భరిస్తుంది, ఆపైన ప్రభుత్వానిదే అయిన ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. వినడానికి పెద్ద వాటా ట్రస్టు చేతిలోనే ఉన్నట్టుంటుంది. కానీ అపెండిక్స్, కిడ్నీలో రాళ్లు, కాలు విరిగితే వేసే రాడ్డు, గుండెకు ఒక స్టెంటు, వీటిలో పథకం కింద రెండున్నర లక్షలు దాటేది ఏది? మామూలు మనిషికి వచ్చే కేసులన్నీ కంపెనీ ముందుకే పోతాయి. ట్రస్టుకు మిగిలేవి అవయవ మార్పిడి లాంటి ఏ కొన్నో.

కంపెనీ అసలే వద్దని నేననను. ఈ పథకాన్నే 2007లో రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీ పేరుతో మొదలుపెట్టినప్పుడు అది నడిచింది స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీతోనే. ఇవాళ బీమా అనగానే ఉలిక్కిపడేవాళ్లు అది మరిచిపోయినట్టున్నారు. పోనీ ట్రస్టు కడిగిన ముత్యమా? ఆ ప్రభుత్వంలోనూ ఈ ప్రభుత్వంలోనూ బిల్లులు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, సేవలు ఆపాయి. 2025 అక్టోబరులోనూ అదే జరిగింది. అలాంటప్పుడు మనవాళ్లకు దిక్కు తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులు. కాదంటే అప్పు చేసి, తమిళనాడులో వేలూరు ఆసుపత్రికి బస్సెక్కడం.

నా పేచీ ఒక్కటే. డబ్బు ఎవరైనా కట్టనీ, ఈ ఆపరేషన్ అవసరమా కాదా అని తేల్చే మాట కంపెనీది కాకూడదు. ప్రీమియం ముందే పుచ్చుకున్నవాడికి కాదనడంలోనే లాభం. సొంత పాలసీ ఉన్నవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీని కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేసింది, సంతోషమే, కానీ అది పాలసీ కొనగలిగినవాడి గొడవ. క్లెయిము తిరగ్గొడితే వాళ్లు బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా పోగలరు. గంగాధర నెల్లూరు నుంచి వచ్చిన కూలిమనిషి, ఆసుపత్రిలో పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర టేబులు దాటి ఎక్కడికి పోతాడు? అందుకని అనుమతులిచ్చే డాక్టర్లు ట్రస్టు దగ్గర జీతం తీసుకునేవాళ్లే అయ్యుండాలి. కాదంటే ఎందుకు కాదన్నారో తెలుగులో రాసి రోగి చేతికివ్వాలి. జీవోలో మంచిమాటలుగా కాదు, కంపెనీతో చేసుకునే ఒప్పందంలో షరతులుగా.

ఇక ఆ 25 లక్షల గొప్ప. మా కౌంటరు దగ్గరకొచ్చి, షుగరు మాత్రలు షీటు మొత్తం కొనలేక నాలుగు కత్తిరించి ఇమ్మనేవాళ్లుంటారు. ఆసుపత్రిలో చేరితే తప్ప పనికిరాని కార్డు వాళ్లకేం చేస్తుంది? మాత్రలు రెండు రోజులు వేసుకుని నాలుగు రోజులు మానేసి, కిడ్నీలు పోయాక డయాలసిస్‌కు మాత్రం అదే కార్డు చక్కగా పనిచేస్తుంది! 104 బండి ఊళ్లోకి వస్తుంది, నిజమే. అది వచ్చిన పూట మనిషి కూలికి పోయుంటే అంతే సంగతులు.

గుడిపాల దాటితే తమిళనాడు. అక్కడా బీమా పథకం ఉంది, అక్కడా పేర్ల గోల ఉంది. 2009లో కరుణానిధి తన బిరుదుతో పెట్టిన పథకాన్ని జయలలిత వచ్చాక మార్చేశారు. కానీ అన్ని ప్రభుత్వాసుపత్రులకూ కలిపి మందులు కొనే సంస్థను వాళ్లు 1990లలోనే పెట్టుకున్నారు, ఎవరొచ్చినా దాన్ని కదపలేదు. 2021 ఆగస్టు నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' కింద బీపీ, షుగరు మాత్రలు ఇంటి గడపకే తెచ్చిస్తున్నారు. దీనికి బీమా కంపెనీతో పనిలేదు, ఆసుపత్రి మంచంతో పనిలేదు. ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయని పని కూడా ఇదే.

మన జిల్లా ఎమ్మెల్యేలు ఏ పార్టీవారైనా సరే, వచ్చే శాసనసభ సమావేశాల్లో పథకం పేరు సంగతి పక్కనపెట్టి, అనుమతులు ఎవరి చేతిలో ఉంటాయని, నెలనెలా మాత్రలు ఇంటికి ఎప్పటినుంచి వస్తాయని మంత్రిగారిని నిలదీయాలి.

— ఒక మందుల షాపు యజమాని, చిత్తూరు