అర్ధరాత్రి తిరుగుతున్న డిస్కుల గురించి మన స్టూడియోల వారికి

నెల్లూరు, కావలి, కందుకూరు స్టూడియోల మిత్రులకు నమస్కారం.

పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి మా దుకాణంలో మీరు తీసుకున్న లినక్స్ పెట్టెల్లో, ఎవరూ ముట్టకపోయినా అర్ధరాత్రి డిస్కులు తిరుగుతున్నాయని కొందరు చెప్పారు. ఫోటోలు భద్రంగా ఉన్నాయి. డిస్కులు చెడిపోలేదు.

పది నిమిషాలు పని లేకపోతే డిస్క్ తిరగడం ఆపి నిద్రపోయేలా నేనే పెట్టాను. కానీ పెట్టెలు సరఫరా చేసినవారు, అన్నింటి సెట్టింగులనూ తమ చోటి నుంచే సరిచూసుకోవడానికి వాటిలో పప్పెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంచారు. అది 30 నిమిషాలకోసారి నడుస్తుంది. దానికి వారు తగిలించిన స్క్రిప్టు (వరుసగా నడిచే ఆదేశాల చిట్టా), మార్చాల్సింది ఏమీ లేకపోయినా, ప్రతి డిస్క్ ఆరోగ్యం గురించీ అడుగుతుంది. పడుకున్నవాణ్ణి తట్టి లేపి ఒంట్లో బాగుందా అని పరామర్శించడమన్నమాట!

ఒక పెట్టెను కౌంటర్ మీద పెట్టుకుని చూశాను. నిద్ర చెడగొట్టకుండా స్థితి చెప్పే ఆదేశం హెచ్‌డీపార్మ్‌తో అడిగితే ‘స్టాండ్‌బై’ (నిద్రలో ఉంది) అంది. అరగంట కాగానే టక్కుమని చప్పుడు, సన్నటి కూత, మళ్లీ అడిగితే ‘యాక్టివ్’. ఒక్క ఫైలూ ఎవరూ తెరవలేదు. డిస్క్ ఆరోగ్యం అడగడానికి ఆ స్క్రిప్టు వాడే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశానికి ‘-ఎన్ స్టాండ్‌బై’ అని చేరిస్తే నిద్రలో ఉన్న డిస్క్ జోలికి పోదు. సరఫరాదారుకు అదే చెప్పాను. స్క్రిప్టు అందరికీ ఒకటే, మీ కోసం మార్చం, కావాలంటే నిద్రే తీసేయండి అన్నారు.

ఒళ్లు మండింది. అయినా ఆ సలహాను కొట్టిపారేయలేక చాలా మథనపడ్డాను. అరగంటకోసారి లేచి పడుకోవడం కంటే నిరంతరం తిరగడమే డిస్క్‌కు మంచిది, అందులో అబద్ధం లేదు. కానీ ముహూర్తాలు లేని ఆషాఢమంతా ఎవరూ ముట్టని పెట్టె, గాలి ఆడని వెనుక గదిలో రాత్రింబవళ్లు ఎందుకు తిరగాలి? కరెంటు పోతే ఆ భారం మీ ఇన్వర్టర్ ఎందుకు మోయాలి? ఒక్క మాట చేర్చడానికి వారికి బద్ధకమైతే బిల్లు మీరు కట్టాలా?

అందుకే పప్పెట్‌నే తీసేస్తున్నాను. సెట్టింగులు, అప్‌డేట్లు ఇక నా చేతి మీదే. ఊరూరా తిరగాలి, తిరుగుతాను. మీకు ఖర్చేమీ ఉండదు. ఆరోగ్య పరీక్ష మానం. మీరు ఫోటోలు ఎక్కిస్తూ డిస్క్ మెలకువగా ఉన్నప్పుడు జరుగుతుంది. ఇకపై ఆ సరఫరాదారు దగ్గర పెట్టెలు కొనను, చవకగా ఇచ్చినా సరే.

వచ్చే ముహూర్తాల లోపే అందరి దగ్గరికీ వస్తాను. మేడ మీద రేకుల గది ఉన్నవారు మాత్రం దయచేసి మధ్యాహ్నం రమ్మనకండి.