తిరిగి గ్యాలరీలోకి పంపండి, మంత్రి గారూ

సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మ్యూజియం ఉద్యోగిని కాను. తొమ్మిదేళ్లుగా మ్యూజియంలలో జరిగే చేతిపనుల వర్క్‌షాపులకు వాలంటీరుగా వెళ్తున్నాను. మట్టి పిసకడం, బల్లలు తుడవడం, వచ్చినవాళ్ల పక్కన కూర్చుని పని చూపించడం నా వంతు. అక్కడ చూసిందే మీకు రాస్తున్నాను.

మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, వేల ఏళ్ల కిందట రాతకి వాడిన మట్టి పలకలు ఒక్క లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనే లక్షకు పైగా ఉన్నాయి. అద్దం వెనక వాటిని చూస్తే కోడి నడిచిన గుర్తుల్లా ఉంటాయి. జనం ఒక్క క్షణం ఆగి, ముందుకు వెళ్లిపోతారు. ఒకసారి మేం అలాంటి పలకల నమూనాతోనే వర్క్‌షాపు పెట్టాం. ఒక్కొక్కరికీ అరచేతిలో పట్టేంత తడిమట్టి, కొస మూల తేలేలా కోసిన రెల్లుపుల్ల ఇచ్చాం. అందరూ మొదట పెన్సిల్లా పట్టుకుని గీస్తారు. గీత పక్కన మట్టి పెళ్లలుగా లేస్తుంది, అక్షరం చెదిరిపోతుంది. గీయకండి, పుల్ల మూలని వాల్చి నొక్కి తీసేయండి అని చూపిస్తాం. అప్పుడు పడుతుంది మేకులాంటి గుర్తు, తల వెడల్పుగా, తోక సన్నగా.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఓ ఇరవై గుర్తులు నొక్కింది. ఎవరూ చెప్పకుండానే లేచి గ్యాలరీలోకి వెళ్లింది. పరిగెత్తుకుంటూ వచ్చి, "ఆంటీ, ఆయనకి చోటు చాల్లేదు, పలక అంచు మీదికి తిప్పి రాశాడు!" అంది. అప్పటిదాకా అది ఒక పాత వస్తువు. ఆ క్షణం నుంచి దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. పొద్దున ఆ అమ్మాయి ఆ అద్దం ముందు నుంచే నడిచి వచ్చింది. అప్పుడు అంచు కనిపించలేదు.

నేను అడిగేదంతా ఈ రెండో చూపు గురించే. చూడాలి, చేయాలి, మళ్లీ వెళ్లి చూడాలి. మనం పెట్టే వర్క్‌షాపుల్లో ఈ మూడోది దాదాపుగా ఉండదు. చాలాచోట్ల మొదటిదీ ఉండదు. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం వస్తుంది, ముందే కత్తిరించి పెట్టిన కాగితాల కిట్లు పంచుతారు, పిల్లలు రంగులు వేస్తారు, ఫోటోలు తీస్తారు, అయిపోతుంది. ఆ పని ఏ హాల్లోనైనా చేయొచ్చు. పైన గ్యాలరీలో ఉన్న ఒక్క వస్తువుతోనూ దానికి సంబంధం ఉండదు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మొహెంజొదారో నర్తకి ఉంది. ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. ముందు మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కంచు పోస్తే వచ్చిన బొమ్మ అది. వర్క్‌షాపులో కరిగిన లోహం జోలికి వెళ్లక్కర్లేదు. మైనాన్ని వేళ్ల మధ్య దారంలా పేని, చిన్న చేతికి గాజుల్లా చుట్టమంటే చాలు. మూడో గాజుకే మైనం వేళ్లకి అంటుకుంటుంది, చెయ్యి వంకరపోతుంది. ఆ తర్వాత నర్తకి ఎడమ చేతి నిండా ఉన్న గాజులు చూసినవాళ్లు అంత తొందరగా కదలరు.

మ్యూజియం వాళ్ల టెన్షన్ కూడా నాకు తెలుసు, అది న్యాయమైనదే. అసలు వస్తువులు ముట్టుకోకూడదు. తడి, దుమ్ము గ్యాలరీ దగ్గరికి రాకూడదు. ఉన్నితో, రెల్లుతో పురుగులు లోపలికి రావచ్చు. అందుకే విడిగా ఒక గది కావాలంటున్నాను. నీళ్ల కుళాయి, మట్టి పట్టే సింకు, గట్టి బల్లలు, ముట్టుకోవడానికి మంచి నకళ్లు ఉంటే చాలు. చూపు లేనివాళ్లకి ఆ నకళ్లే మ్యూజియం.

ఇంకో మాట. పని నేర్పడానికి వచ్చే కళాకారులని "డెమో" ఇచ్చేవాళ్లుగా మూలన కూర్చోబెట్టకండి. ఏ వస్తువుతో వర్క్‌షాపు పెట్టాలో, మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే క్యూరేటర్‌తో కలిసి వాళ్లే తేల్చాలి. ముప్పై ఏళ్లు చక్రం తిప్పిన చెయ్యి ఒక కుండని చూసి చెప్పే సంగతులు లేబుల్ మీద ఉండవు. వాళ్ల రోజుకూలీ, సామాను ఖర్చు మ్యూజియం బడ్జెట్‌లో ప్రతి ఏడాదీ ఉండాలి, దాతల కోసం ఎదురుచూడకూడదు.

ఇదేమీ కొత్త కోరిక కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1852లో మొదలైందే వస్తువులు తయారుచేసేవాళ్లకి మంచి పనితనం చూపించడానికి. 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కి మారాక, పగలంతా పనిచేసుకునేవాళ్లు రావాలని గ్యాస్ దీపాలు పెట్టి రాత్రిపూట కూడా తెరిచారు. మన వర్క్‌షాపులేమో స్కూలు పిల్లలకే, అదీ పనిరోజు పగటిపూట. పెద్దవాళ్లకి వారంలో ఒక్క సాయంత్రమైనా ఇవ్వండి.

చివరిగా, మీ శాఖకి వెళ్లే రిపోర్టులో "ఎంతమంది పాల్గొన్నారు" అని ఒక కాలమ్ ఉంటుంది. దాని పక్కన ఇంకొకటి చేర్పించండి: పని అయ్యాక ఎంతమంది తిరిగి గ్యాలరీలోకి వెళ్లారు? ఆ ఒక్క కాలమ్ ఉంటే, ప్రతి వర్క్‌షాపు టైమ్‌టేబుల్లోనూ చివరి అరగంట దానికోసం ఖాళీగా ఉంచక తప్పదు.

ఇట్లు,
ఒక వర్క్‌షాపు వాలంటీరు